కొయినా వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

మహారాష్ట్రలోని కొయినా డ్యామ్ దగ్గరి భూకంపాల యాంప్లిట్యూడ్ (ప్రకంపన ఎంత పెద్దగా ఊగిందో చెప్పే కొలత) డేటా మీద పీహెచ్‌డీ చేయబోతున్నావని అమ్మ చెప్పింది. 1967 డిసెంబర్ 11న ఆ డ్యామ్ దగ్గర వచ్చిన భూకంపం గురించి మాకు క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పారో! మా ఇంటి పిల్ల అక్కడి లెక్కలు చూడబోతోందంటే ఎంతో గర్వంగా ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మాగ్నిట్యూడ్ (భూకంపం పరిమాణం) లెక్కకు యాంప్లిట్యూడ్‌కి ముందు లాగరిథమ్ తీసుకో. దూరానికీ, ప్రకంపనలు రికార్డు చేసే స్టేషన్ కింది నేలకీ దిద్దుబాటు చెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

నేను పనిచేసిన ఒక జలాశయం దగ్గర 8 స్టేషన్లు ఉండేవి. ఒకచోట యాంప్లిఫయర్ మార్చారు. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) పది రెట్లయింది, రిజిస్టర్‌లో పాత అంకే ఉండిపోయింది. దాంతో ఆ స్టేషన్ మాగ్నిట్యూడ్ ప్రతిసారీ 1 ఎక్కువ, మొత్తం సగటు 0.125 ఎక్కువ. సగటు నుంచి మూడు సిగ్మాలు (సిగ్మా అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) దాటినవి ఎలాగూ తీసేస్తున్నాం కదా అని పైవాళ్ల ధీమా. 8 అంకెల్లో ఏ ఒక్కటీ వాటి సగటు నుంచి 2.475 సిగ్మాలు దాటి పోలేదమ్మా! తప్పు అంకె ఎంత దూరం పోతే సిగ్మాను అంతగా పెంచేస్తుంది. కనీసం 11 స్టేషన్లు లేకపోతే ఆ నియమానికి ఏదీ దొరకదు. 0.125 చిన్నదే అనుకుంటావేమో. బి-విలువ (పెద్ద భూకంపాలతో పోలిస్తే చిన్నవి ఎంత ఎక్కువో చెప్పే అంకె) 1 దగ్గర ఉన్నచోట, ఒక హద్దుకు పైనున్న భూకంపాల సంఖ్య దానివల్లే మూడోవంతు పెరిగినట్టు కనిపిస్తుంది. అది వానాకాలం, రిజర్వాయర్ నిండుతోంది. నీళ్లవల్లే ప్రకంపనలు ఎక్కువయ్యాయని కింది ఊళ్లలో టెన్షన్ మొదలైంది. చంటిపిల్లలతో వానలో బయటే పడుకున్నారు. ఆ తల్లుల ముఖాలు నేను మర్చిపోలేదు. సగటు బదులు మధ్యగతం (అంకెల్ని వరుసగా పేర్చితే నడిమిది) తీసి ఉంటే ఆ ఒక్క స్టేషన్ లెక్కను పెద్దగా కదిపేది కాదు.

నువ్వు మధ్యగతంతోనే మొదలుపెట్టు. అంకెలు ఎంత చెదిరాయో తెలియడం కోసం, మధ్యగతం నుంచి ఒక్కో అంకె ఎంత దూరమో చూసి, ఆ దూరాలకు మళ్లీ మధ్యగతం తీసి, సిగ్మాతో పోల్చేలా 1.4826తో గుణించు. స్టేషన్లు తక్కువైతే మధ్యగతం కాస్త ఊగుతుంది. అప్పుడు 1964లో గణాంకవేత్త పీటర్ హ్యూబర్ చూపిన పద్ధతి మేలు, అది దూరపు అంకెను పారేయకుండా దాని బరువు తగ్గిస్తుంది.

బరువు తగ్గింది కదా అని ఆ స్టేషన్‌ను చూడకుండా వదిలేశావో, నేను ఊరుకోను! వేవ్‌ఫామ్ (అక్కడ రికార్డయిన ప్రకంపన గీత) తెరిచి చూడు. ఒకే దిక్కునున్న స్టేషన్లన్నీ తక్కువ చూపిస్తే పరికరాల లోపం కాకపోవచ్చు, భ్రంశం (నేలలో కదిలిన పగులు) అటువైపు తక్కువ శక్తి పంపి ఉండొచ్చు. నీ థీసిస్ అక్కడే దొరకొచ్చు తల్లీ. చిన్న భూకంపాల్లో రికార్డు కాని స్టేషన్లను లెక్కలోంచి తీసేస్తే మాగ్నిట్యూడ్ ఎక్కువ వస్తుంది. పెద్దవాటిలో దగ్గరి స్టేషన్ల ట్రేస్ పరికరం హద్దుకు తగిలి ఆగిపోతే తక్కువ వస్తుంది. అన్నీ ఒకే వైపు తప్పితే మధ్యగతం కూడా కాపాడదు.

మొదటి నెల స్టేషన్లవారీ తేడాల పట్టిక నాకు పంపు, గెయిన్ మార్చిన తేదీలు పక్కనే రాయి. ఏ స్టేషన్ పాడైనా సరే, వానలో రాత్రిపూట ఘాట్ రోడ్డు ఎక్కకు. తెల్లవారాక వెళ్లు.

మీ పెదనాన్న