పది వరుసలు పెట్టి చూడు

తమ్ముడూ,

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ డేటా మోడల్ మీద, అంటే ఏ సమాచారం దాచాలో, ఏది దేనితో ముడిపడిందో పెట్టెలు, గీతలతో చూపే బొమ్మ మీద, నువ్వు రాసిన సమీక్ష చదివాను. "మోడల్ సమగ్రంగా, స్పష్టంగా ఉంది" అన్నావు. ఆ మాట ఏ మోడల్‌కైనా అతుకుతుంది. ఏం పెట్టి చూస్తే అలా తేలిందో రాయాలి.

మోడల్ నాణ్యతను 1994లో లిండ్‌లాండ్, సిండ్రే, సోల్వ్‌బర్గ్ అనే పరిశోధకులు మూడుగా విడదీశారు. గుర్తులు నియమం ప్రకారం ఉన్నాయా? గీసింది నిజమేనా, కావలసిందంతా ఉందా? చదవాల్సినవాళ్లకు అర్థమైందా? మొదటిదాన్ని చాలావరకు బొమ్మ గీసే టూలే పట్టేస్తుంది, రెండు వాక్యాలు చాలు. నీ వ్యాసంలో సగం అదే ఉంది. తప్పులు దాక్కునేది రెండోదాంట్లో.

"పుస్తకం" పెట్టె చూడు. ఐఎస్‌బీఎన్ (ప్రచురణకి ఉండే నంబరు), యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ఒక్కో కాపీకి ఇచ్చేది) రెండూ అందులోనే. ఒకే నవల మూడు కాపీలు కొంటే పేరు, రచయిత మూడుసార్లు ఎక్కించాలి. ఒకచోట అక్షరం తప్పిందా, వెతికేవాడికి రెండు వేరే పుస్తకాలు కనిపిస్తాయి. టైటిల్ వేరు, కాపీ వేరు. సభ్యుడు ఇంటికి పట్టుకెళ్లేది కాపీని. రిజర్వు చేసుకునేది టైటిల్‌ని, ఏ కాపీ వచ్చినా సరే.

ఇష్యూకి కీగా, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే ఆనవాలుగా, సభ్యుడి నంబరు, కాపీ నంబరు మాత్రమే పెట్టారు. అదే మనిషి అదే కాపీని రెండు నెలలకు మళ్లీ అడిగితే కొత్త వరుస చేరదు. తేదీ కలిపినా, పొద్దున తిరిగిచ్చి సాయంత్రం మళ్లీ తీసుకునేవాడి దగ్గర ఆగిపోతుంది. ఇష్యూకి సొంత నంబరు ఇవ్వడమే మేలు. ఇంకోటి: సభ్యుడికి కనీసం 1 ఇష్యూ ఉండాలని గీశారు. ఇవాళే చేరి ఏమీ తీసుకోనివాణ్ని ఎక్కించేదెలా? అక్కడ 0 ఉండాలి.

ఇవి బొమ్మ చూస్తూ కూర్చుంటే కనపడవు. ఇష్యూ రిజిస్టరులోంచి పది వరుసలు తెచ్చి చేత్తో పెట్టెల్లో నింపు. పోయిన కాపీ, రెన్యూవల్, జరిమానా బాకీ ఉన్న సభ్యుడు, ఇలాంటివే ఏరుకో. వరుస పట్టకపోతే మోడల్లో ఏదో తక్కువైంది. తర్వాత రాకూడని వరుస పెట్టు: ఒకే కాపీ ఒకేసారి ఇద్దరి దగ్గర. మోడల్ దాన్ని ఒప్పుకుంటే, ఆ నియమాన్ని ఎక్కడో విడిగా రాశారా అని అడుగు.

లైబ్రేరియన్‌ని "అర్థమైందా అండీ" అని అడగకు, మొహమాటానికి తలూపుతారు. "ఈ బొమ్మ ప్రకారం ఒక సభ్యుడు రెండు శాఖల్లో పుస్తకాలు తీసుకోవచ్చా?" లాంటివి నాలుగైదు అడిగి, ఏ గీత చూసి చెప్పారో వేలుపెట్టి చూపించమను. లేకపోతే ఏళ్ల అలవాటుతో సరైన జవాబే చెప్పేస్తారు, బొమ్మలో తప్పు అలాగే ఉండిపోతుంది. జవాబు తప్పిన గీతలన్నీ వ్యాసంలోకి రావాలి.

మార్చిన వ్యాసంతో పాటు ఆ పది వరుసలు కూడా పంపు.

మీ అన్నయ్య