మొదటి రైఫిల్ కొనే ముందు

చి. సింధుకి, పెదనాన్న ఆశీస్సులు.

నవంబర్‌లో టెక్సాస్ హిల్ కంట్రీలో జింక వేటకి వెళ్తున్నావనీ, షాపులో .30-06 తూటా పేల్చే రైఫిల్ అంటగట్టబోతున్నారనీ మీ నాన్న చెప్పాడు. అది కొనకు. తూటా మంచిదే గానీ, ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో కూడా దాని తన్ను (భుజానికి తగిలే దెబ్బ) ఇంచుమించు 18, 20 అడుగు-పౌండ్లు, ఆ దెబ్బ కొలిచేది అందులోనే. అక్కడి తెల్లతోక జింకలు చిన్నవి, వాటికి అంత అక్కర్లేదు. కొత్తవాళ్లకి ఆ దెబ్బ నాలుగుసార్లు తగిలితే చాలు, ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్లు మూసుకుని భుజం ముందుకి తోస్తారు. గుండు పొట్టలో దిగుతుంది, జింక ఎక్కడో తుప్పల్లో పడి గంటల తరబడి చస్తుంది.

నీ ఒడ్డూపొడుగుకి రెండే చూడు. ఒకటి .243 విన్‌చెస్టర్. .308 తూటా మెడని సన్నం చేసి 1955లో తెచ్చారు. తన్ను తొమ్మిది దాకా ఉంటుంది. దీంతో చిక్కల్లా బుల్లెట్ ఎంపికే. గుండు బరువు గ్రెయిన్లలో చెప్తారు. 55, 58 గ్రెయిన్లవి కుందేళ్లు, కయోటీల (తోడేలు జాతి చిన్న జంతువులు) కోసం చేసినవి. జింక భుజం ఎముక తగిలితే పైపైనే ముక్కలైపోతాయి. 95 లేదా 100 గ్రెయిన్లది, లేదంటే 80 గ్రెయిన్ల పూర్తి రాగిది తీసుకో.

రెండోది 6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్లతో. తన్ను సుమారు 12. జింక కాస్త ఏటవాలుగా నిలబడ్డా గుండు లోతుగా దిగుతుంది. నా ఓటు దీనికే. 7ఎంఎం-08 అనే తూటా కూడా ఇంచుమించు ఇంతే, చవగ్గా దొరికితే వదలకు. .223 టెక్సాస్‌లో చెల్లుతుంది గానీ కొలరాడోలో జింకకి కుదరదు, అక్కడ .24 కన్నా సన్నటి గొట్టం ఒప్పుకోరు.

తూటా కన్నా రైఫిల్ బరువు దగ్గరే ఎక్కువమంది బోల్తాపడతారు. మోయడానికి హాయిగా ఉంటుందని ఆరు పౌండ్లది కొంటే, ఎనిమిది పౌండ్లలో 12 తన్నే అదే తూటా 16 తన్నుతుంది. స్కోపుతో (గురి చూసే దుర్భిణి) కలిపి ఎనిమిదికి తగ్గకుండా చూసుకో. గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ తన్ను తగ్గిస్తుంది, చెవులు మాత్రం చిల్లులు పడతాయి, నీకొద్దు.

తర్వాత కొలత. బట్ అంటే భుజానికి ఆనించే వెనక భాగం. దాని చివరి నుంచి ట్రిగ్గర్ దాకా మామూలు పొడవు పదమూడున్నర అంగుళాలు, నీకు పన్నెండున్నర సరిపోవచ్చు. చలికోటు వేసుకుని వెళ్లు. మోచెయ్యి మడిచి, ఆ మడతలో బట్ ఆనించు. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద పడితే సరిపోయినట్టే. వేలు అందకపోతే కాంపాక్ట్ స్టాక్ (పొట్టి బట్ ఉన్నది) అడుగు. స్కోపుకీ కంటికీ మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి, లేదంటే కనుబొమ్మ చిట్లుతుంది.

రేంజ్‌లో చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్స్ (చెవులు కప్పే డిప్పలు), రెండూ పెట్టుకో. సగం భయం చప్పుడుదే. రోజుకి 15, 20 తూటాలు దాటొద్దు, మిగతా సాధన తన్ను లేని చిన్న .22 రైఫిల్‌తో చెయ్యి. మధ్యమధ్యలో నీకు తెలియకుండా ఎవరిచేతనైనా డమ్మీ (పేలని) తూటా పెట్టించు. టక్కుమన్నప్పుడు గొట్టం కిందికి కుంగిందంటే నువ్వు అదురుతున్నట్టే. ఆ రోజుకి ఆపెయ్. వంద గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం పైకి తగిలేలా స్కోపు సరిచేస్తే రెండొందల దాకా లెక్కలు అక్కర్లేదు. జింక పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెనక, పొట్ట కింది అంచు నుంచి ఒంటి ఎత్తులో మూడోవంతు పైన గురి పెట్టు.

ఇంకోటి. నీకు గ్రీన్‌కార్డు ఉంది, అల్లుడు ఇంకా హెచ్‌1బి మీదే కదా. అలాంటి వీసా ఉన్నవాళ్లు తుపాకీ ముట్టడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు ఇద్దరూ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, అతని లైసెన్స్ చేతికొచ్చాకే రేంజ్‌కి తీసుకెళ్లు. టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, ఏటా మళ్లీ తీసుకోవాలి.

పెదనాన్న