పాఠకుల ప్రశ్నలు: బంగ్లాదేశ్ కోసం కచేరీ

ప్రశ్న: బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971లో పండిట్ రవిశంకర్ న్యూయార్క్‌లో చేసిన కచేరీ వల్ల బాధితులకు నిజంగా మేలు జరిగిందా?

జవాబు: జరిగింది, కానీ అందవలసినంత త్వరగా అందలేదు. తూర్పు పాకిస్థాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి లక్షలాది మంది మన దేశానికి తరలివస్తున్న ఆ రోజుల్లో, బెంగాలీ కుటుంబానికి చెందిన రవిశంకర్ తన శిష్యుడూ మిత్రుడూ అయిన, బీటిల్స్ రాక్ బృందం మాజీ గిటారిస్టు జార్జ్ హారిసన్‌ను సాయం కోరగా, ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ప్రదర్శనలు జరిగాయి. ముందుగా రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా వినిపించాయి. రాక్ సంగీతం ఆ తర్వాతే. ఎవరి కష్టం కోసం సభ జరుగుతున్నదో వారి నేల సంగీతానికే తొలి స్థానం ఇవ్వడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. టిక్కెట్ల ద్వారా వచ్చిన సుమారు 2.43 లక్షల డాలర్లు యునిసెఫ్‌కు చేరాయి. అయితే పన్ను మినహాయింపు ముందుగా పొందకపోవడంతో, ఆ కచేరీ నుంచి రూపొందిన ఆల్బమ్, సినిమాల ఆదాయంలో పెద్ద భాగం అమెరికా పన్ను అధికారుల పరిశీలనలో ఏళ్ల తరబడి నిలిచిపోయింది.