ఉన్ని లెక్క కడుపులో తేలుతుంది: గొర్రెల పెంపకంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న (దెగ్లూర్, నాందేడ్ జిల్లా): మాకు నలభై దక్కనీ గొర్రెలున్నాయి. ఎండాకాలమంతా జొన్న చొప్ప కడుపు నిండా తింటున్నాయి. అయినా కత్తిరిస్తే ఉన్ని తక్కువ వస్తోంది, పోగు సన్నగా ఉండి లాగితే తెగుతోంది. గొంగడి నేసేవాళ్లు వద్దంటున్నారు. మేతకు లోటు లేదు కదా, ఎందుకిలా?

జవాబు: మేతకు లోటు లేదు, మాంసకృత్తుకు లోటుంది. గొర్రె మింగిన చొప్ప ముందు పెద్ద పొట్టలోకి పోతుంది. అక్కడ దాన్ని అరిగించేది గొర్రె కాదు, పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులు. అవి పీచును పులియబెడితే వచ్చే ఆమ్లాలు గొర్రెకు శక్తినిస్తాయి. ఆ సూక్ష్మజీవులు కూడా నెమరు వేసిన మేతతో కలిసి కిందికి దిగి, పొట్టకున్న నాలుగు గదుల్లో ఆఖరిదైన నాలుగో గదిలోనూ చిన్నపేగులోనూ అరిగిపోయి గొర్రెకు మాంసకృత్తు అవుతాయి. అంటే గొర్రె ముందు వాటిని మేపుతుంది, తర్వాత వాటినే తింటుంది.

జొన్న చొప్పలో ముడి మాంసకృత్తు నూటికి 3–4 పాళ్లే. మేత మొత్తం మీద అది 7 పాళ్లకు తగ్గితే సూక్ష్మజీవులే పస్తుంటాయి. అప్పుడు చొప్ప త్వరగా అరగదు, పొట్టలోనే నిలిచిపోతుంది. డొక్క నిండుగా కనిపిస్తుంది గానీ పేగుకు దిగేది కొంచెమే. మీరు చూస్తున్న కడుపు నిండుదనం అదే.

ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తు. కడిగి ఆరబెట్టిన ఉన్నిలో నూటికి 3–4 పాళ్లు గంధకం ఉంటుంది, అది సిస్టీన్ అనే అమైనో ఆమ్లం రూపంలో ఉంటుంది. సూక్ష్మజీవుల మాంసకృత్తులో ఈ రకం అమైనో ఆమ్లాలు ఉన్నికి కావలసినన్ని ఉండవు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రవేత్తలు 1960లలో వీటిని గొట్టంతో నేరుగా నాలుగో గదిలోకి పంపి చూశారు, ఉన్ని బాగా పెరిగింది. అవే నోటి ద్వారా ఇస్తే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు మధ్యలోనే విరగ్గొట్టేస్తాయి. కాబట్టి నోట్లో ఎంత వేశామన్నది కాదు, చిన్నపేగుకు ఎంత చేరిందన్నదే ఉన్ని లెక్క.

మీ ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. జొన్న కోసిన చేలో మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. మోతాదు ఎక్కువైతే గొర్రె అక్కడికక్కడే చస్తుందని మీకు తెలుసు. తక్కువైనప్పుడు చావదు గానీ, ఆ విషాన్ని విరిచెయ్యడానికి ఒంట్లోని గంధకం ఖర్చవుతుంది. ఉన్నికి పోవలసిన గంధకం అలా వేరే దారి పడుతుంది. పైగా జొన్న మేతలో గంధకం, ఉప్పు రెండూ తక్కువే.

చెయ్యవలసింది ఇది. ముందు కనురెప్ప విప్పి చూడండి. లోపల పాలిపోయి ఉంటే, దవడ కింద నీరు దిగి ఉంటే, నాలుగో గదిలో నట్టలు రక్తం తాగుతున్నాయని అర్థం. నట్టల మందు తాగించకుండా చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) పెట్టడం దండగ. చూడి తొలి నెలల్లో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ వద్దు, వేరే మందు అడగండి. తర్వాత పెద్ద గొర్రెకు రోజుకు 100–150 గ్రాముల పత్తి చెక్క పెట్టండి. 30 గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి మోతాదుకు రండి. 9 పాళ్లు ఉప్పుకు 1 పాలు మేతలో వాడే గంధకం పొడి కలిపి దొడ్డిలో నాకడానికి పెట్టండి. గొర్రె రోజుకు 10 గ్రాములు నాకితే 1 గ్రాము గంధకం అందుతుంది, అంతకు మించి అక్కర్లేదు. గంధకం ఎక్కువైతే రాగి ఒంటికి పట్టదు, ఉన్ని వంకీ పోయి నిటారుగా వస్తుంది, మెదడు జబ్బు కూడా రావచ్చు. అలాగని పశువుల ఖనిజ మిశ్రమం తెచ్చి పెట్టకండి. అందులోని రాగి ఆవుకు సరిపోతుంది, గొర్రెకు విషమవుతుంది. గొర్రెల కోసం చేసిందే అడిగి తీసుకోండి.

ఇదంతా కత్తిరింపుకు కనీసం మూడు నెలల ముందు మొదలవ్వాలి. మేత మారిన మర్నాడే పోగు మారదు. వెంట్రుక కుదురు, అంటే తోలులో పోగు పుట్టే చోటు, పూర్తిగా పుంజుకోవడానికి వారాలు పడుతుంది.

ఒక్కచోట మాత్రం తర్వాత ఎంత మేపినా బాకీ తీరదు. గొర్రె 150 రోజులు మోస్తుంది. ఆఖరి రెండు నెలల్లోనే పిల్ల తోలులో చిన్న కుదుళ్లు ఎక్కువగా ఏర్పడతాయి. అప్పుడు తల్లి పస్తుంటే ఆ పిల్లకు జీవితాంతం ఉన్ని పలచగానే ఉంటుంది. చెక్క కొద్దిగానే ఉంటే మంద అంతటికీ పంచకండి, నిండు చూడి గొర్రెలకు పెట్టండి.

ప్రశ్న (బిలోలి, నాందేడ్ జిల్లా): పల్లి చెక్కలో మాంసకృత్తు ఎక్కువంటారు. ఉన్ని కోసం అదే మేలు కదా? యూరియా చవక, అది కలపవచ్చా?

జవాబు: పల్లి చెక్కలో నూటికి 40 పాళ్లకు పైగా, పొట్టు తియ్యని పత్తి చెక్కలో దాదాపు 22–25 పాళ్లు ఉంటుంది, నిజమే. అయితే పల్లి మాంసకృత్తులో ఎక్కువ భాగం పెద్ద పొట్టలోనే విరిగిపోతుంది. పత్తి చెక్కలో కొంత విరగకుండా కిందికి దాటుతుంది. గంధకం ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా పల్లిలో తక్కువ. ఉన్నికైతే మేము పత్తి చెక్కనే ఎంచుతాం. వానాకాలంలో బూజు పట్టిన పల్లి చెక్క విషం, ఎంత చవకగా దొరికినా కొనవద్దు. మూడు నెలల లోపు పిల్లలకు మాత్రం పత్తి చెక్క పెట్టకూడదు. పొట్ట ఇంకా తయారు కాలేదు కాబట్టి దానిలోని గాసిపోల్ అనే విషపదార్థాన్ని తట్టుకోలేవు. విత్తనపు పొట్టేలుకు కూడా తగ్గించండి.

యూరియా సూక్ష్మజీవులకు మేత, గొర్రెకు కాదు. విడిగా పెట్టవద్దు, చొప్పను మాగబెట్టి ఇవ్వండి. నరికిన చొప్ప 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి పొరపొరకూ చల్లాలి, తొక్కి గాలి పోకుండా ప్లాస్టిక్ పట్టా కప్పాలి. 21 రోజుల తర్వాత తీసి, ఘాటు పోయేదాకా గంట సేపు ఆరబెట్టి మేపాలి. పలుకులు కరగకుండా మిగిలితే, కలిపిన నీళ్లు గొర్రెలు తాగితే అరగంటలో వణికి, ఉబ్బి పడిపోతాయి. అప్పుడు అర లీటరు వెనిగర్ అంతే చన్నీళ్లలో కలిపి వెంటనే తాగించి, వైద్యుణ్ని పిలవండి. 100 గ్రాముల యూరియాకు 4–5 గ్రాముల గంధకం తోడుండాలి, లేకపోతే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని వాడుకోలేవు. మాగిన చొప్ప తినే మందకు పైన చెప్పిన ఉప్పు, గంధకం నాకుడు తప్పనిసరి.

ప్రశ్న (కిన్వట్, నాందేడ్ జిల్లా): మేత లేక పది రోజులు సుబాబుల్ కొమ్మలే వేశాం. ఇప్పుడు పట్టుకుంటే ఉన్ని గుత్తులుగా చేతిలోకి వస్తోంది. గజ్జి అనుకోవాలా?

జవాబు: దురద లేకుండా, తోలు నున్నగా ఉండి ఊడితే గజ్జి కాదు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే పదార్థం ఉంది. అది కుదురు అడుగున కణాలు విభజన చెందకుండా ఆపేస్తుంది, పోగు అక్కడే తెగిపోతుంది. ఇది ఎంత ఖాయమంటే, కత్తెర లేకుండా ఉన్ని తియ్యడానికి దీన్ని వాడవచ్చా అని ఆస్ట్రేలియాలో ప్రయోగాలే చేశారు.

దీనికీ మందు పొట్టలోనే ఉంది. కొన్ని ప్రాంతాల జీవాల పొట్టలో మిమోసిన్ నుంచి పుట్టే విషాన్ని అరిగించే బ్యాక్టీరియా ఉంటుంది. హవాయి మేకల పొట్టలోంచి దాన్ని తెచ్చి 1980లలో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. అలవాటు లేని మందకు ఒక్కసారిగా సుబాబుల్ ఒక్కటే వేస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది. వెంటనే ఆపండి, ఉన్ని మళ్లీ వస్తుంది. బోడి పడ్డ గొర్రెలను ఎండకు, వానకు వదలకండి. తర్వాత కూడా మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకండి. లేత చిగుళ్లలోనే మిమోసిన్ ఎక్కువ కాబట్టి ముదురు ఆకు కోసి, ఎండబెట్టి వెయ్యండి. ఈ కొలతలో ఇస్తే సుబాబుల్ మంచి మేతే, మానెయ్యాల్సిన పని లేదు.

ప్రశ్న (సిరోంచ, గడ్చిరోలి జిల్లా): కళ్లంలో ఆరబోసిన మక్కల మీద పడి ఆరు గొర్రెలు బాగా తిన్నాయి. ఒకటి చచ్చింది, ఐదు బతికాయి. రెండు నెలలకు ఆ ఐదింటి ఉన్నే తెగిపోతోంది. దానికీ దీనికీ సంబంధముందా?

జవాబు: ఉంది. గింజలు ఒక్కసారిగా పడితే పెద్ద పొట్టలో లాక్టిక్ ఆమ్లం ఊరిపోతుంది, పీచును అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. గొర్రె మేత మానేస్తుంది. ఆ రోజుల్లో కుదుళ్లకు ఏమీ అందక పోగు దారమంత సన్నబడుతుంది. ఆ సన్నటి చోటు తోలు దాటి పైకి వచ్చాక గానీ తెగదు.

ఇది మక్కల వల్లేనా అని మీరే కొలిచి చూసుకోవచ్చు. తోలు దగ్గర కత్తిరించిన ఒక గుత్తి తీసుకోండి. ఆరు నెలల క్రితం కత్తిరించారనుకుందాం, గుత్తి పొడవు 5 సెంటీమీటర్లు, తెగే చోటు తోలు వైపు నుంచి 1.5 సెంటీమీటర్లు. 1.5ను 5తో భాగించి 6తో హెచ్చవేస్తే 1.8, అంటే దాదాపు రెండు నెలల కింది దెబ్బ. ఐదింటిలోనూ ఒకే చోట తెగితే అనుమానం అక్కర్లేదు.

మళ్లీ ఇలా జరిగితే గింజలకు దూరంగా కట్టి, ఎండు గడ్డి మాత్రమే వేసి, తినే సోడా 15–20 గ్రాములు అర లీటరు నీటిలో కలిపి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మెల్లగా తాగించండి. పడుకుని లేవని గొర్రెకు ఇంటి వైద్యం చాలదు.

ప్రశ్న (రాజురా, చంద్రపూర్ జిల్లా): నెల్లూరు జోడిపి గొర్రెలు తెచ్చాం. మంచి మేత పెడితే వీటికీ ఉన్ని వస్తుందా?

జవాబు: రాదు. వాటి ఒంటిమీద ఉండేది పొట్టి బొచ్చు. కుదుళ్లు ఎన్ని, ఎలాంటివి అన్నది జాతి నిర్ణయిస్తుంది, మేత ఉన్న కుదుళ్లనే పని చేయిస్తుంది. మీరు పెట్టే చెక్క వాటిలో మాంసంగా, పాలుగా మారుతుంది. ఉన్ని కావాలంటే దక్కనీ పెంచండి. అయితే దానికీ ఏడాదికి కిలో నిండదని ముందే లెక్క వేసుకోండి.