పాత హోండా సిటీ వీటెక్‌కు ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగారు. 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. బండి లక్షా నలభై వేలు తిరిగింది. మెకానిక్ చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోద్దామంటున్నాడు, స్నేహితుడేమో పల్చటి ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ30 తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలని ప్రశ్న.

నా దగ్గర 2001 వీటెక్ ఉంది. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను, ఆయిల్ కూడా ఇంటి దగ్గర నేనే మారుస్తాను. కాబట్టి ముందే చెప్పేస్తాను. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 10డబ్ల్యూ40 గానీ 5డబ్ల్యూ40 గానీ పోయండి. కానీ డబ్బా కొనేముందు ఆయిల్ ప్రెషర్ కొలిపించండి. ఆ కొలత చూడకుండా ఎవరు ఏ గ్రేడ్ చెప్పినా అది ఊహే అవుతుంది, నాది కూడా.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఈ ఇంజిన్‌లో ఆయిల్ అరుగుదలను ఆపడానికి మాత్రమే లేదు. వీటెక్ (ఆర్‌పీఎం పెరిగినప్పుడు వాల్వులను ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు) పని చేసేదే ఆయిల్ ప్రెషర్‌తో. ఇన్‌టేక్ వైపు ప్రతి సిలిండర్‌కూ మూడు రాకర్లు, అంటే వాల్వులను నొక్కే చేతులు, పక్కపక్కన ఉంటాయి, వాటి లోపల చిన్న పిన్నులుంటాయి. ఆర్‌పీఎం పెరిగాక సొలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) తెరుచుకుంటుంది, ఆయిల్ రాకర్ షాఫ్ట్ గుండా వెళ్లి ఆ పిన్నులను తోస్తుంది, మూడు రాకర్లూ ఒకటై కలిసి కదులుతాయి. అప్పుడు మధ్యలో ఉన్న పెద్ద క్యామ్ పని అందుకుంటుంది. మీరు ఏ పికప్ చూసి ఈ కారు కొన్నారో, ఆ పికప్ వచ్చేది అక్కడే. ఆ దారిలో మడ్డి అడ్డం పడినా, ప్రెషర్ చాలకపోయినా మీ దగ్గర ఉన్నది మామూలు 1.5 ఇంజినే.

నాకు ఇది ఖర్చుతో తెలిసింది. నేను కొన్నప్పుడు బండిలో 20డబ్ల్యూ50 ఉంది, పాత ఓనరు ఎప్పుడు మార్చారో కూడా చెప్పలేకపోయారు. రెండో గేర్‌లో ఐదు వేల ఆర్‌పీఎం దాటినా ఊపు రాలేదు. దగ్గర్లోని మెకానిక్ విని, ఇంజిన్ బోరుకొచ్చిందేమో, ముందు ఫ్లష్ చేసి చిక్కటి ఆయిల్ పోద్దాం అన్నాడు. నేనూ సరేనన్నాను. ఫ్లష్ డబ్బా పోసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, దించి, మళ్లీ 20డబ్ల్యూ50 పోశాడు. మూడో రోజు మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్రటి ఆయిల్ లైట్ మిణుకుమంది. వెంటనే ఇంజిన్ ఆపేసి బండిని పక్కకు తోయించాను. ఆ ఒక్క పని చేయడం వల్లే నా బేరింగులు బతికాయని ఇప్పటికీ నమ్ముతాను.

వేరే మెకానిక్ దగ్గర ఆయిల్ చాంబర్ దించితే విషయం బయటపడింది. పంపు ఆయిల్‌ను లాక్కునే స్ట్రైనర్ జాలీ ముప్పాతిక వంతు మూసుకుపోయి ఉంది. నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గసిలా ఉంది అది, కాకపోతే నల్లగా. వేలితో గీస్తే గీత పడింది. ఏళ్ల తరబడి గోడలకు అంటుకున్న మడ్డిని ఫ్లష్ ఒక్కసారిగా ఊడదీసి అక్కడికి చేర్చింది. తర్వాత హెడ్ దగ్గర, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉన్న వీటెక్ సొలనాయిడ్ విప్పాం. దాని కింద గ్యాస్కెట్‌లోనే ఒక చిన్న జాలీ ఉంటుంది. అందులోంచి వెలుతురు కూడా కనబడలేదు. ఇంజిన్ బోరుకు రాలేదు, వీటెక్‌కు ఆయిల్ అందలేదంతే. రెండు జాలీలూ శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, 10డబ్ల్యూ40 పోశాం. ఆ సాయంత్రం అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి రెండో గేర్‌లో తొక్కితే శబ్దమే మారిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందుకే మీరు ఫ్లష్ జోలికి వెళ్లకండి. మడ్డి ఉందన్న అనుమానం ఉంటే చాంబర్ దించి చేత్తో శుభ్రం చేయించండి. తర్వాత మొదటి ఆయిల్‌ను 1500 కిలోమీటర్లకే, రెండోదాన్ని 2500కి మార్చేయండి. కొత్త ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్లు మిగిలిన మురికిని నెమ్మదిగా తీసుకొస్తాయి.

ఇక ప్రెషర్ సంగతి. ఫిల్టర్ దగ్గర ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉంటుంది. దాన్ని విప్పి, అడాప్టర్‌తో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి. ఈ తరం హోండా ఇంజిన్లకు ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 50 పీఎస్‌ఐ ఉండాలి. అవి వస్తే మీ బేరింగులు, పంపు బాగున్నట్టే, చివర 40 ఉన్న గ్రేడ్ హాయిగా సరిపోతుంది. రాకపోతే స్ట్రైనర్, పంపు చూపించండి. అవి బాగుండి కూడా ప్రెషర్ తక్కువగా ఉంటే అరుగుదల ఉన్నట్టు. అప్పుడు ఓవర్‌హాల్ దాకా బండి నెట్టుకురావడానికి 20డబ్ల్యూ50 పనికొస్తుంది. మీ మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. జబ్బు ఏంటో చూడకుండా అందరికీ ఒకే మందు రాయడం మాత్రం తప్పు.

'మన ఎండలకు చిక్కటి ఆయిలే కావాలి' అనే మాట మీరు వినే ఉంటారు. గుంటూరులో బయట 44 డిగ్రీలున్నా, రేడియేటర్, ఫ్యాను బాగుంటే థర్మోస్టాట్ ఇంజిన్ నీళ్లను 90 డిగ్రీల చుట్టూనే పట్టి ఉంచుతుంది. ఆయిల్ బతికేది ఆ వేడిలో. గ్రేడ్‌లో రెండో నంబరు (10డబ్ల్యూ40లో 40) చెప్పేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం గురించి. 30 గ్రేడ్‌కు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్, 40కి 12.5 నుంచి 16.3, 50కి 16.3 నుంచి 21.9. అయితే 150 డిగ్రీల దగ్గర, విపరీతమైన రాపిడిలో ఇంకో పరీక్ష ఉంది. అందులో చిక్కదనం 10డబ్ల్యూ40కి కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకన్లు ఉండాలి, 50 గ్రేడ్‌కు 3.7. నాకు అసలు కళ్లు తెరిపించిన అంకెలు ఇవే. బేరింగులకు నిజంగా కష్టమొచ్చే చోట ఆ రెండు గ్రేడ్ల కనీస హామీలో తేడా ఇంతే. పల్చటి 30 గ్రేడ్‌కు మాత్రం కనీసం 2.9 ఉంటే చాలు. అందుకే ఇంజిన్‌ను ఆర్‌పీఎం మీటరులోని ఎర్ర గీత దాకా తీసుకెళ్లేవారికి మామూలు 5డబ్ల్యూ30 వద్దంటాను. 30 గ్రేడే వాడాలనుకుంటే డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం ఏ3/బీ4 అని ఉన్నది చూడండి, దానికి 3.5 తప్పనిసరి.

డబ్ల్యూ ముందున్న నంబరు గురించి మనం అంతగా టెన్షన్ పడక్కర్లేదు. 20డబ్ల్యూ ఆయిల్‌ను స్టార్టింగ్ కోసం పరీక్షించేది మైనస్ 15 డిగ్రీల దగ్గర. మనకు లంబసింగిలో కూడా సున్నా దగ్గరే ఆగుతుంది. కానీ పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో పల్చటి ఆయిల్ పైనున్న క్యామ్ దాకా త్వరగా చేరుతుంది. నా బండిలో 10డబ్ల్యూ40 పోశాక పొద్దుటి ట్యాపెట్ సౌండ్ బాగా తగ్గింది.

సింథటిక్ పోస్తే పాత ఇంజిన్ లీకవుతుందని కూడా అంటారు. నాకు వాల్వ్ కవర్ దగ్గర, డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్ దగ్గర చెమ్మ కనబడింది. రబ్బరు గట్టిపడిపోయి ఎప్పుడో ప్రాణం పోయింది, ఇన్నాళ్లూ మడ్డే దాన్ని మూసిపెట్టింది. రెండూ మార్పిస్తే సరిపోయింది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కాసేపు వచ్చి పోతుంటే వాల్వ్ సీల్స్ చూపించండి.

డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం సంస్థ) నాణ్యత గుర్తు ఎస్‌ఎన్ గానీ, 2020లో వచ్చిన ఎస్‌పీ గానీ ఉంటే మీ ఇంజిన్‌కు నిక్షేపంగా సరిపోతుంది, కొత్తవి పాతవాటి బదులు వాడొచ్చు. క్యామ్‌కు జింక్ కావాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. వద్దు, ఆ జింక్‌తో పాటే వచ్చే ఫాస్ఫరస్ ఎక్కువైతే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. బైకు ఆయిల్ అసలే వద్దు.

మీది వారానికోసారి తీసే బండి అయితే 5000 కిలోమీటర్లు గానీ ఆరు నెలలు గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చండి. దగ్గరి తిరుగుడులో ఆయిల్‌లో తేమ, పెట్రోలు చేరతాయి. దించిన ఫిల్టర్‌ను పారేయకండి. హ్యాక్‌సా బ్లేడుతో రేకు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుని చూడండి. నల్లదనం మామూలే. మెరిసే రజను కనబడితే మాత్రం బండి నడపడం ఆపి బేరింగులు చూపించాలి. నేను ప్రతిసారీ చూస్తాను, ఇప్పటికీ ఆ క్షణంలో గుండె కొట్టుకుంటుంది.

ఆయిల్ నమ్మకమైన డీలర్ దగ్గర సీలు చూసి కొనండి. ఖాళీ డబ్బాకు మేకుతో రంధ్రం చేసి ఇవ్వండి, మళ్లీ నింపి అమ్మే అవకాశం లేకుండా. ఫిల్టర్‌తో కలిపి మూడున్నర లీటర్ల లోపే పడుతుంది. మూడు లీటర్లు పోసి, స్టార్ట్ చేసి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

గేజ్ పెట్టించాక ఐడిల్‌లో ఎంత, 3000 దగ్గర ఎంత వచ్చిందో రాయండి. ఆ రెండు అంకెలు ఉంటే మీ బండికి 10డబ్ల్యూ40 సరిపోతుందో లేదో కచ్చితంగా చెప్పగలను.