దోర్నాల ఘాట్ ఎక్కడానికి టియాగ్రాకి డియోర్ కలుస్తుందా?

అన్నా, ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా మీ సైకిల్‌కున్న టియాగ్రా 4700 (షిమానో కంపెనీ రోడ్డు సైకిల్ గేర్లు) హాయిగా నడుస్తోంది, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కడానికి 10 స్పీడ్ (వెనక పది పళ్లచక్రాలుండే) డియోర్ అనే షిమానో మౌంటెన్ సైకిల్ డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది), పెద్ద చక్రానికి 42 పళ్లుండే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు) వేయొచ్చా అని అడిగారు కదా. వద్దు, డబ్బులు దండగ. షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) ఒక్కో క్లిక్కుకి ఎంత కేబుల్ లాగుతుందో డిరైలర్‌కి సరిగ్గా అంతే కావాలి. షిమానో 8, 9 స్పీడ్‌లలో రోడ్డు గేర్లకీ మౌంటెన్ గేర్లకీ ఆ లెక్క ఒకటే. అందుకే 9 స్పీడ్‌లో సోరా అనే రోడ్డు షిఫ్టర్‌తో ఆలివియో అనే మౌంటెన్ డిరైలర్ చక్కగా పనిచేస్తుంది. 10 స్పీడ్ నుంచి లెక్క వేరైంది. నేనూ ఇలాగే కలిపి చూశాను. మూడో క్లిక్కుకే చైను రెండు పళ్లచక్రాల మధ్య టకటకమంటూ ఉండిపోయింది. ఎంత ట్యూనింగ్ చేసినా కుదరలేదు.

మీ డిరైలర్ మీద నంబరు చూడండి. చివర ఎస్ఎస్ అని ఉంటే వెనక పెద్ద పళ్లచక్రం 28 పళ్ల వరకే, జీఎస్ అయితే 34 దాకా పడుతుంది. జీఎస్ వేయించి, 11-34 (చిన్న చక్రానికి 11, పెద్దదానికి 34 పళ్లు) క్యాసెట్, దానికి సరిపడా పొడవున్న కొత్త చైను పెట్టించండి. షిఫ్టర్లు మార్చక్కర్లేదు. పెడల్ దగ్గరి చిన్న పళ్లచక్రం 34 పళ్లదైతే, వెనక 34 పళ్ల దాని మీద చైను ఉన్నప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. మోకాళ్లకి ఎంత సుఖమో ఆ మలుపుల్లో మీకే తెలుస్తుంది. కొత్తపట్నం ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది, వచ్చిన వెంటనే తుడిచి నూనె వేయండి.