తమిళం ఆర్నెల్లలో వచ్చేస్తుంది, "కుదరదు" అనడమే రాదు

చెన్నపట్నం అక్క – మీ ప్రశ్నలు, ఆవిడ జవాబులు
(గూడూరు నుంచి వెళ్ళి 14 ఏళ్ళుగా చెన్నైలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తున్న అక్క ఈ వారం మీ ఉత్తరాలకి జవాబులిస్తోంది)

అక్కా, నాది బీకాం అయిపోయింది. చెన్నైలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ జాబ్ వచ్చింది. తమిళం ఒక్క ముక్క రాదు, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అమ్మ వద్దంటోంది. అసలు అక్కడ రోజంతా ఏం చేయాలి?
– ఒక చెల్లెలు, నాయుడుపేట

ముందు రక్తం సంగతి చెప్పేస్తా చెల్లీ. ఈ 14 ఏళ్ళలో నేను డ్యూటీలో రక్తం చూసింది రెండే రెండుసార్లు, అందులో ఒకటి నా వేలిదే, స్టేప్లర్ గుచ్చుకుని. మనం ఉండేది ఆస్పత్రిలోనే గానీ మన పని అంతా కాగితాలతో, ఇప్పుడైతే కంప్యూటర్ పోర్టల్స్‌తో.

పొద్దున 8కి వెళ్ళగానే రాత్రి అడ్మిట్ అయిన వాళ్ళ లిస్టు తీసుకుంటాం. ఎవరికి పాలసీ ఉంది, ఎవరు క్యాష్ అని చూసుకుని పాలసీ ఉన్నవాళ్ళ ఇన్సూరెన్స్ కార్డు, ఆధార్ తీసుకుని ప్రీ ఆథరైజేషన్ ఫారం, అంటే ఖర్చుకి ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోలు ముందే అడిగే కాగితం, నింపాలి. అందులో ఒక పేజీ డాక్టరు నింపాలి, ఆ పేజీ కోసమే సగం ఉద్యోగం, ఓపీలో ఉంటే ఓపీకి, రౌండ్స్‌లో ఉంటే వార్డుకి, ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే బయట నిలబడి ఎదురుచూడ్డం. చెప్పులు మాత్రం మంచివి కొనుక్కో, హీల్స్ వద్దు.

అది పంపాక కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి క్వెరీ వస్తుంది, ఎక్కువగా ఒకటే క్వెరీ, "ఈ జబ్బు ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని. మనం వెళ్ళి అడిగితే పెద్దాయన గర్వంగా "నాకు షుగరు పన్నెండేళ్ళ నుంచమ్మా, ఒక్కరోజు మాత్ర మానలా" అంటాడు, పక్కన కొడుకు చెయ్యి గిల్లుతుంటాడు, ఎందుకంటే పాలసీ కట్టేటప్పుడు షుగరు లేదని రాశారు. నువ్వేమో ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడాలి. నేను మాత్రం కేస్ షీట్‌లో ఏముందో అదే రాస్తా, కొడుకు ఎంత బతిమాలినా సరే. నువ్వూ మొదటి రోజు నుంచే అట్లా ఉండు, ఒకసారి మార్చి రాశావంటే ఆ తర్వాత అందరూ నీ దగ్గరికే వస్తారు.

ఇక తమిళం. ఆర్నెల్లు చాలు, నిజంగా. సగం మాటలు మనవిలాగే ఉంటాయి, కానీ ప్రమాదం కూడా అక్కడే, అచ్చం మన మాటలాగే ఉండి అర్థం వేరేది ఉంటుంది. నేను చేరిన మొదటివారం ఒక పెద్దావిడకి వీల్ ఛైర్ కావాలని వార్డ్ బాయ్‌తో "వీల్ ఛైర్ అవసరం" అన్నా, అతను ఎలివేటర్ దగ్గర జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, వెనకాల ఇంకో సిస్టర్ కూడా. తమిళంలో అవసరం అంటే అర్జెంటు అని, ఎమర్జెన్సీ బోర్డు మీద కూడా ఆ మాటే ఉంటుంది. ఆవిడ వెళ్తోంది ఎక్స్‌రేకి! ఇంకోరోజు ఒకాయన డెస్క్ దగ్గరికొచ్చి "సెలవు ఎవ్వళవు ఆగుం?" అని అడిగాడు. సెలవు గురించి అనుకుని నేను మంచిగా "డాక్టర్ గారు రెండు వారాలు రెస్టు అంటారు సార్" అని వచ్చీరాని తమిళంలో చెప్పా. వాళ్ళకి సెలవు అంటే ఖర్చు. ఆయన అడిగింది ఆపరేషన్‌కి ఎంతవుతుందని.

అయినా భయపడకు, నీ తెలుగే అక్కడ నీకు అక్కరకొస్తుంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి జనం రోజూ వస్తూనే ఉంటారు, పైన వార్డు నుంచి ఫోన్ చేసి "తెలుంగు పేషెంట్ వందిరుక్కాంగ, కొంజం వాంగ" అని, అంటే తెలుగు పేషెంట్ వచ్చారు, కొంచెం రండి అని, నిన్నే పిలుస్తారు. తెలుగే కాదు, హిందీ కొంచెం వచ్చినా పనికొస్తుంది, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ దిగి హౌరా వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఎన్నో, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలకి బెంగాలీలో బోర్డులు ఉంటాయి, చూస్తే నీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ మొత్తంలో నాకు కష్టమైంది తమిళం కాదు చెల్లీ, తెలుగులో ఒక మాట, దాని గురించి కింద ఒంగోలు తమ్ముడికి రాశా, నువ్వూ చదువు.

అమ్మకి చెప్పు, గూడూరు నుంచి, సూళ్ళూరుపేట నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే ఆడపిల్లలు కూడా ఉన్నారని. కానీ నువ్వు అట్లా చేయకు, హాస్టల్‌లో ఉండు, షిఫ్ట్ ఎప్పుడు అయిపోతుందో ఎవ్వరూ చెప్పలేరు. గోంగూర సీసా తెచ్చుకో. రసం మాత్రం వాళ్ళదే బాగుంటుంది, ఇది మా అమ్మకి చెప్పొద్దు.

అమ్మా, మా నాన్నగారిని చెన్నైలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు పొద్దున 10కి ఇంటికెళ్ళొచ్చు అన్నాడు, మేం బయటపడేసరికి రాత్రి 7:30. తొమ్మిదిన్నర గంటలు! మీరు కావాలనే చేస్తారా? ఇన్సూరెన్స్ ఉండి కూడా చేతి నుంచి చాలా కట్టాం, అది ఎందుకు?
– ఒక తండ్రిగారి కొడుకు, తిరుపతి

కావాలని కాదు బాబాయ్, కానీ మా తప్పు అసలు లేదనీ చెప్పను.

డాక్టరు "వెళ్ళొచ్చు" అన్నది నోటిమాట. ఆ తర్వాత డ్యూటీ డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేయాలి, పెద్ద డాక్టరు దిద్దాలి, ఆయన అప్పటికే థియేటర్‌లోకి వెళ్ళిపోయి ఉంటాడు. సిస్టర్ మిగిలిన మందులు, సిరంజీలు లెక్కపెట్టి ఫార్మసీకి రిటర్న్ పంపాలి, అవి వాళ్ళు సిస్టమ్‌లో ఎక్కించుకునేదాకా బిల్లు మూయలేం. ల్యాబు, ఫిజియో, డైటీషియన్ ఎవరి చార్జీలు వాళ్ళు ఎక్కించాలి. ఇదంతా అయ్యాక ఫైనల్ బిల్లు, సమ్మరీ రెండూ కలిపి ఇన్సూరెన్స్‌కి పంపుతాం. ఇక్కడికే మధ్యాహ్నం 2 అవుతుంది, ఇది మా టైము, ఒప్పుకుంటున్నా.

అక్కడి నుంచి వాళ్ళ టైము. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ళు రూలు పెట్టారు, చేరేటప్పుడు క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేలా, అడిగితే గంటలో చెప్పాలి, డిశ్చార్జ్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలి, దాటితే ఆ ఆలస్యానికి ఆస్పత్రి వేసే అదనపు చార్జీ ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి అని. అయితే ఆ 3 గంటలు డాక్టరు వెళ్ళొచ్చు అన్నప్పటి నుంచి కాదు, మేం పంపినప్పటి నుంచి. అందుకని ఈసారి డెస్క్ దగ్గరికెళ్ళి "ఎంతసేపు?" అని అడక్కండి, "ఇన్సూరెన్స్‌కి ఎన్నింటికి పంపారు?" అని అడగండి. ఆ ప్రశ్న వింటే మాలో ఎవరైనా కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ముందురోజు సాయంత్రమే సిస్టర్‌ని "రేపు డిశ్చార్జ్ ఉంటే సమ్మరీ ఈరోజే మొదలుపెడతారా అమ్మా" అని అడిగితే ఇంకా మంచిది.

చేతి నుంచి కట్టిన డబ్బుల సంగతి, నాకు తెలిసి మీరు రూము పెద్దది తీసుకునుంటారు. చాలా పాలసీల్లో రూముకి రోజుకి ఇంత అని లిమిట్ ఉంటుంది. మీ లిమిట్ 5,000 అనుకోండి, మీరు 8,000 రూము తీసుకున్నారు, తేడా రోజుకి 3,000 కడితే చాలు అనుకుంటారు అందరూ, కానీ డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ, నర్సింగ్ ఇవన్నీ కూడా ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు. అవి 1,60,000 అయితే వాళ్ళిచ్చేది లక్ష, మిగతా 60,000 మీది, రూము తేడా వేరే. మందులకి, టెస్టులకి, లోపల పెట్టే స్టెంట్ లాంటి వాటికి ఈ కోత వేయకూడదు, ఐసీయూ చార్జీలకి కూడా వేయకూడదు, వేశారేమో బిల్లు ఒకసారి చూసుకోండి. పైగా ఐసీయూ కాని రూము రోజుకి 5,000 దాటితే 5 శాతం జీఎస్‌టీ, 2022 జూలై నుంచి. ఇంకా గ్లవ్స్, మాస్కులు, డయపర్లు లాంటివి పాలసీలో ఇవ్వరు, ఆ లిస్టే 68 రకాలు.

అడ్మిషన్ దగ్గర మేం ఇవన్నీ చెప్పే ప్రయత్నం చేస్తాం, కానీ తండ్రి స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు ఎవరి చెవికెక్కుతుంది. "ఏదో ఒకటి మంచి రూము ఇవ్వండి మేడం" అంటారు, ఇచ్చేస్తాం.

అక్కా, నేను చెన్నైలో ఒక ఆస్పత్రి బిల్లింగ్‌లో చేరి 4 నెలలైంది. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. రోజుకి పది ఫోన్లు. డిస్కౌంట్ ఇప్పించు, పెద్ద డాక్టర్ని చూపించు, ఫలానావాళ్ళు అక్కడ చేరారంట ఏమైంది అని. లేదంటే "పట్నం పోయి మారిపోయాడు" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తమ్ముడు, ఒంగోలు దగ్గర

తమ్ముడూ, నాలుగు నెలలకే అడిగావు, నేను నాలుగేళ్ళకి గానీ అడగలేదు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

మా ఊరాయన ఒకాయన, వరసకి పెదనాన్న, మా ఆస్పత్రిలో చేరాడు. పెద్దమ్మ డెస్క్ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని "అమ్మాయి పెళ్ళి కుదిరిందే, ఇప్పుడు ఎవరికీ తెలీకూడదు" అంది. సరే అన్నా. వారం తర్వాత వాళ్ళ చుట్టమే, నాకూ చుట్టమే, ఫోన్ చేసి "మీ ఆస్పత్రిలోనే ఉన్నాడంట గదా, చూసొద్దామని వచ్చాం, కిందే ఉన్నాం, ఏ ఫ్లోరు?" అన్నాడు. ఉన్నాడంట అన్నాడు కదా, తెలిసే వచ్చాడు కదా అనుకున్నా. జబ్బు పేరు చెప్పలా, డాక్టరు పేరు చెప్పలా, "ఐదో ఫ్లోరు" అని మాత్రం అన్నా. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుగా బోర్డు, క్యాన్సర్ విభాగం అని, మూడు భాషల్లో. రాత్రికల్లా ఊరంతా తెలిసింది, మర్నాటికి మగపెళ్ళివాళ్ళకి తెలిసింది. పెళ్ళి ఆగలేదు, మూడు నెలలు ఆలస్యంగా జరిగింది. మా అమ్మకి కార్డు ఇంటికొచ్చి ఇచ్చారు, నాకు వాట్సాప్‌లో పంపారు. పెద్దమ్మ ఈరోజుకీ నాతో సరిగ్గా మాట్లాడదు, నేను తప్పు పట్టను.

ఫోన్లో ఎవరు అడిగినా ఫలానా పేషెంటు ఉన్నారనీ చెప్పకూడదు, లేరనీ చెప్పకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు, తమిళంలో, ఇంగ్లీషులో ఎవరడిగినా నేను అదే చెప్పేదాన్ని. తెలుగులో, అందులోనూ "ఏమ్మే బాగుండావా" అని మొదలుపెట్టినవాడికి "కుదరదు" అనడానికి నోరు రాలేదు, అంతే.

ఇప్పుడేం చేస్తానో చెప్తా. డిస్కౌంట్ అడిగితే "మామా, బిల్లు తగ్గించడం నా చేతుల్లో లేదు, కుదరదు. నువ్వు రా, ఏ కాగితం ఎక్కడివ్వాలో నేను దగ్గరుండి చూపిస్తా, కాఫీ నాది" అంటా. "చూస్తాలే" అని మాత్రం ఎప్పుడూ అనకు, మనకి అది తప్పించుకునే మాట, వాళ్ళకి అది మాట ఇచ్చినట్టే, దాన్ని నమ్ముకునే రైలెక్కుతారు. పెద్ద డాక్టర్ని చూపించమంటే ఓపీ టోకెన్ ఎట్లా తీసుకోవాలో చెప్పు, ముందు పంపించమంటే కుదరదు. ఫలానావాళ్ళకి ఏమైంది అంటే "వాళ్ళకే ఫోన్ చెయ్ బాబాయ్" అంతే, పక్క మాట వద్దు.

కానీ తమ్ముడూ, వద్దు అనడంతోనే సరిపెట్టకు, చెప్పగలిగింది చెప్పు, అది వాళ్ళకి డిస్కౌంట్ కంటే ఎక్కువ పనికొస్తుంది. పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు అన్నీ సంచిలో వేసుకు రమ్మను. ధాన్యం అమ్మిన డబ్బు తువ్వాల్లో మూటగట్టుకుని వస్తారు మనవాళ్ళు, 2017 నుంచి ఒక మనిషి దగ్గర్నుంచి ఒక బిల్లుకి రెండు లక్షలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదు, ముందే బ్యాంకులో వేయమని చెప్పు, మా కౌంటర్ దగ్గర రాత్రిపూట ఆ మూట పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని చూశాక నేను ప్రతి ఫోన్‌లోనూ ఇది చెప్తున్నా. ఆరోగ్యశ్రీ కార్డు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఉందని వస్తారు. 2019లో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఆస్పత్రులకి కూడా పెంచారు గానీ కొన్ని ఆస్పత్రుల్లో, కొన్ని ఆపరేషన్లకే. మీ ఆస్పత్రిలో ఉందో లేదో నువ్వు కనుక్కుని ఊరు దాటకముందే చెప్పు.

మారిపోయాడు అంటారా, అననీ. ఆరు నెలలు అంటారు, తర్వాత ఫోన్లు తగ్గి మూడవుతాయి.

మీ ఆస్పత్రి స్టాఫ్‌కి వైద్యం ఫ్రీ అంట కదా మేడం?
– నెల్లూరు నుంచి ఒకరు

అందరూ అట్లాగే అనుకుంటారు! జీతం నెలకి 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ, అంటే చిన్న జీతాల ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, కిందకి వస్తాం, మన జీతంలో 0.75 శాతం పట్టుకుంటారు, ఆస్పత్రి వాళ్ళు 3.25 శాతం కడతారు. నేను చేరిన మొదటి ఏళ్ళన్నీ ఈఎస్ఐలోనే ఉన్నా, అప్పట్లో ఆ లిమిట్ 15,000. పొద్దంతా ఏసీ లాబీలో కూర్చుని వేరేవాళ్ళ అడ్మిషన్లు చూసి, జ్వరం వస్తే బస్సెక్కి కేకే నగర్ ఈఎస్ఐకి పోయేదాన్ని. మా పాప అక్కడే పుట్టింది. డిశ్చార్జ్‌కి అక్కడా సాయంత్రమే అయింది.